రాలీ దస్త్రాల్లో జో సెలూన్

రాజమహేంద్రవరం తిరిగి వచ్చి తొమ్మిది రోజులైంది. నా నోటుపుస్తకం నిండా పెన్సిలు రాతే. అక్కడి చదువుల గదిలో కలం ముట్టుకోనివ్వరు. ఆ రాత అలుక్కుపోకముందే, చూసింది చూసినట్టు మనసులో ఉండగానే ఇది రాస్తున్నాను.

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రానికి రాజధాని రాలీ. అక్కడి స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కంప్యూటర్ సిమ్యులేషన్ తొలినాళ్ల కాగితాలు దాచిపెట్టారు. మా అమ్మాయి వాళ్లుండే మోరిస్‌విల్ నుంచి కారులో అరగంట. ఇంతకుముందు మూడుసార్లు ఆ ఇంట్లో నెలల తరబడి ఉన్నాను. ఇంత దగ్గరలో ఇంత నిధి ఉందని ఈసారే తెలిసింది.

సిమ్యులేషన్ అంటే మరేమీ కాదు. ఒక పని నిజంగా జరిగేలోపు దాన్ని కంప్యూటర్‌లో జరిపించి చూడటం. బ్యాంకులో ఇంకో కౌంటర్ తెరిస్తే వరుస ఎంత తగ్గుతుంది, రేవులో ఇంకో క్రేన్ పెడితే ఓడలు ఎన్ని గంటలు ముందు కదులుతాయి అన్నది డబ్బు పోయకముందే తెలుసుకోవడం. 1978లో మద్రాసు ఐఐటీలో ఐబీఎం 370 యంత్రం మీద ఈ విద్య నేర్చుకున్నాను. ప్రోగ్రామును రంధ్రాలుగా గుద్దిన కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి వస్తే మర్నాడు ఫలితం చేతికి వచ్చేది. ఒక కార్డులో ఒక అక్షరం తప్పితే ఇంకో రోజు పోయేది. ఆ తరవాత ఉద్యోగమంతా ఒక ఉక్కు కర్మాగారంలో గడిచింది. అక్కడా ఈ విద్యే నాకు అన్నం పెట్టింది.

2024 అక్టోబరు 16, బుధవారం: హిల్ అనబోయి హంట్

మొదటి రోజే తప్పు చోట దిగాను. ఆ విశ్వవిద్యాలయానికి రెండు పెద్ద గ్రంథాలయాలున్నాయి. ఒకటి హిల్, రెండోది హంట్. నేను వెళ్లవలసింది హిల్‌కు. ఫోనులో నొక్కింది హంట్. టాక్సీకి 24 డాలర్లు అయ్యాయి. దిగి చూస్తే ఎదురుగా గాజూ లోహమూ కలిసిన కొత్త భవనం. పాత కాగితాలున్న చోటులా లేదే అని అప్పుడే అనుమానం వచ్చింది.

అయినా ఆ పొరపాటు నాకు మేలే చేసింది. 2013లో తెరిచిన హంట్ గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చేది మనుషులు కాదు. కింది అంతస్తులో పెద్ద గాజు గోడ. దాని వెనక మూడు నాలుగు అంతస్తుల ఎత్తున ఉక్కు అరలు, అరల నిండా మూత లేని డబ్బాలు. ఎవరైనా పుస్తకం కోరితే రెండు వరుసల మధ్య పట్టా మీద ఒక క్రేన్ పరిగెత్తుతుంది, సరైన ఎత్తులో ఆగుతుంది, డబ్బాను లాక్కుని కిందికి తెస్తుంది. 20 లక్షల సంపుటాలు పట్టే ఏర్పాటు అది. నలభై ఏళ్లు క్రేన్ల వెంట తిరిగినవాణ్ణి కదా, కదలబుద్ధి కాలేదు. ఒక డబ్బా దించి మళ్లీ పైకి వెళ్లేలోపు ఇంకో కోరిక వస్తే అది ఎక్కడ ఆగుతుంది? దగ్గరి పుస్తకం ముందా, ముందు అడిగినవారిది ముందా? గడియారం చూసుకుంటూ పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

వెనక నుంచి "తెలుగువారా అంకుల్?" అని వినిపించింది. ఖమ్మం అబ్బాయి. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది. నేను ఎవరికోసమూ ఎదురుచూడటం లేదని, క్రేనును చూస్తున్నానని చెబితే అతనికి సరదా వేసింది. హిల్ గ్రంథాలయం దాకా తనే తీసుకెళతానన్నాడు. క్యాంపస్ బస్సుకు టికెట్ లేదు. దిగే ప్రతి విద్యార్థీ డ్రైవరుకు కృతజ్ఞత చెప్పి మరీ దిగుతున్నాడు. నేనూ అలాగే చేశాను.

బస్సులో అతను లాప్‌టాప్ తెరిచి, తరగతిలో వాడే ఆరీనా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ చూపించాడు. తెర మీద గళ్లు, గళ్ల మధ్య గీతలు. మూడు గళ్ల పేర్లు చదివి ఉలిక్కిపడ్డాను: సీజ్, డిలే, రిలీజ్. పట్టుకో, ఆగు, వదిలిపెట్టు. నలభై ఆరేళ్ల క్రితం నేను కార్డుల మీద గుద్దిన మాటల్లో రెండు అక్షరం మారకుండా అక్కడున్నాయి. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ చేసిన జీపీఎస్ఎస్ అనే సిమ్యులేషన్ భాషలో సీజ్, రిలీజ్ ఉన్నాయి. మధ్యలోది మాకు అడ్వాన్స్, వీళ్లకు డిలే. "ఈ మాటలు నా నోట వింటుంటే నువ్వు పుట్టిన ఊరి పేరు విన్నట్టుందా?" అని అడిగాను. "అలాగే ఉంది అంకుల్, ఈ పేర్లు ఎక్కడివో మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ దస్త్రాల సంగతీ అతనికి తెలియదు. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి వస్తానంటే వద్దన్నాను. శుక్రవారం రమ్మన్నాను.

హిల్ గ్రంథాలయం ముందు ఎర్ర ఇటుకల మైదానం. దాన్ని అందరూ బ్రిక్‌యార్డ్ అంటారు. లోపల దస్త్రాలు చూసే గదికి ఒక మర్యాద ఉంది. సంచీ బయట అరలో పెట్టి తాళం వేయాలి. నీళ్ల సీసా లోపలికి రాకూడదు. బల్ల మీద ఒకసారికి ఒక్క పెట్టె, పెట్టెలోంచి ఒక్క ఫోల్డర్. తీసిన చోట ఒక అట్ట నిలబెట్టాలి, మళ్లీ అదే సందులో పెట్టేందుకు. కాగితాన్ని అంచులు పట్టుకుని తిప్పాలి. ఇవన్నీ చెప్పిన గ్రంథాలయ ఉద్యోగిని గొంతు ఎంత మెల్లగా ఉందంటే, పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోందేమో అనిపించింది. కాగితాల మీద ఉన్న ఆ గౌరవం నన్ను కదిలించింది.

ఎందుకో చెప్పాలి. 1987లో మూడు నెలలు స్టాప్‌వాచీ పట్టుకుని కొలిమి దగ్గర నిలబడ్డాను. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను క్రేన్ ఎన్ని నిమిషాలకు ఎత్తుతోంది, ఎంతసేపు ఖాళీ కోసం ఆగుతోంది అని మూడు షిఫ్టులూ రాశాను. ఆ లెక్కలు, వాటితో రాసిన ప్రోగ్రాము, ఫలితాల ముద్రణ అన్నీ కలిపి నాలుగు దస్త్రాలు. విభాగం ఇంకో భవనంలోకి మారినప్పుడు అవన్నీ తూకానికి పోయాయి. నేను సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి బీరువా ఖాళీ. ఆ బాధ ముప్పై ఏడేళ్లయినా పోలేదు.

అక్టోబరు 17, గురువారం: ఉక్కు వాసన

ఈ రోజు పెట్టెలు కోరేటప్పుడే ఒక దారి పెట్టుకున్నాను. సిమ్యులేషన్ మొదట ఏ పని కోసం పుట్టిందో చూడాలి.

చాలామంది అణుబాంబు దగ్గర మొదలుపెడతారు. అదీ నిజమే. అణుబాంబు పనిలో పాలుపంచుకున్న గణిత శాస్త్రవేత్త స్టానిస్లావ్ ఉలమ్ 1946లో జబ్బుపడి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుతూ, ఆట నెగ్గే అవకాశం ఎంత అని లెక్కించబోయాడు. లెక్క కొండంత అవుతుంటే, వంద ఆటలు ఆడి ఎన్ని నెగ్గానో చూస్తే సరిపోదా అనుకున్నాడు. ఆ ఆలోచనే ఇంకో గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్ చేతిలో మాంటె కార్లో పద్ధతి అయింది. 1948లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద దాన్ని నడిపించారు. ఆ ప్రోగ్రాము రాసినవారిలో వాన్ నాయ్‌మన్ భార్య క్లారా ముఖ్యురాలు. ఆమె పేరు గట్టిగా వినిపించడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అక్కడ లెక్కించింది పరమాణువుల్లోని న్యూట్రాన్లను. మనుషులూ యంత్రాలూ వరుసలూ ఎక్కడ మొదలయ్యాయి? ఇంగ్లండులో షెఫీల్డ్ పట్టణంలో, యునైటెడ్ స్టీల్ కంపెనీస్ అనే ఉక్కు సంస్థలో. అక్కడ కె.డి. టోచర్ 1960 నాటికి తయారు చేసిన జనరల్ సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌ను ఈ జాతి సాధనాల్లో మొట్టమొదటిదిగా చెబుతారు. ప్రతి కర్మాగారానికీ ఒక్కో ప్రోగ్రాము మొదటినుంచి రాయడం దేనికి, అన్నిటి అస్థిపంజరమూ ఒక్కటే కదా అన్నది ఆయన చూపు. కొలిమి నిండుతోందా, కాలుతోందా, ఖాళీ అవుతోందా, ఆగి ఉందా? క్రేనూ అంతే. ప్రతి యంత్రమూ ఇలా కొన్ని స్థితుల మధ్య తిరుగుతుంది. గడియారాన్ని తరవాతి సంఘటన దాకా జరుపు. అప్పటికి ముగిసే పనులన్నీ ముగించు. ఆ తరవాత, ఇప్పుడు ఏవి మొదలుపెట్టే వీలుందో ఒక్కొక్కటే చూడు. మళ్లీ గడియారం దగ్గరికి వెళ్లు. ఈ మూడు అడుగుల పద్ధతి ఈనాటికీ పాఠాల్లో ఉంది.

అట్లాంటిక్‌కు ఇవతలా ఉక్కే. 1960ల మొదట్లో యు.ఎస్. స్టీల్‌లో పనిచేస్తున్న ఫిలిప్ కివియట్ గ్యాస్ప్ అనే సాధనం తయారు చేశాడు. తరవాత దాన్ని అలన్ ప్రిట్స్కర్ చేపట్టి పెంచాడు. గ్యాస్ప్ తరవాత స్లామ్. స్లామ్‌లో ప్రిట్స్కర్‌తో కలిసి పనిచేసిన డెన్నిస్ పెగ్డెన్ ఆ తరవాత సైమన్ చేశాడు. సైమన్ మీద కట్టిందే నిన్న ఖమ్మం అబ్బాయి చూపించిన ఆరీనా. ప్రిట్స్కర్ కాగితాలు ఈ భండారంలోనే ఉన్నాయి.

నా ఉద్యోగమంతా ఉక్కు కర్మాగారంలో ఈ సాధనాలు వాడాను. అవి ఉక్కు కర్మాగారాల్లోనే పుట్టాయని ఏనాడూ అనుకోలేదు. ఎక్కడో విశ్వవిద్యాలయంలో పుట్టి మా దాకా దిగివచ్చాయనుకున్నాను. మేము వాటిని ఎవరింటినుంచో అరువు తెచ్చుకోలేదు, అవి మా ఇంటివే. ఆ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర కూర్చుంటే నా పక్కన షెఫీల్డ్ వాళ్లూ కూర్చున్నట్టే ఉంది.

భోజనానికి హిల్స్‌బరో స్ట్రీట్‌లోకి నడిచాను. రోడ్డు పొడవునా ఇళ్ల ముందు ఎన్నికల పలకలు. చిన్న హోటలు, పెద్ద వయసు వడ్డనావిడ. నన్నూ, పక్క బల్ల పోలీసునూ, అందరినీ ఆవిడ "హనీ" అనే పిలుస్తోంది. మన దగ్గర పూటకూళ్లమ్మ అందరినీ "బాబూ" అన్నట్టే. పంది మాంసం తినను గనక కోడి, బెండకాయ వేపుడు, హష్ పప్పీలు చెప్పాను. హష్ పప్పీలంటే మొక్కజొన్న పిండిని ఉల్లిపాయతో కలిపి నూనెలో వేసిన బోండాలు. పైన కరకర, లోపల కొంచెం తీపి. బల్ల మీద సీసాలో ఆ ప్రాంతపు పులుసు ఉంది. వెనిగర్‌లో ఎండుమిరప గింజలు తేలుతున్నాయి. అందరూ మాంసం మీద పోసుకుంటున్నారు, నేను బెండకాయ మీద పోసుకున్నాను. ఆవిడ చూసి ఇంకో సీసా తెచ్చి పెట్టింది. చల్లటి తియ్యటి టీ ఎన్నిసార్లయినా నింపుతారు. ఆవిడకు ఇచ్చిన దానితో కలిపి 19 డాలర్లు. డబ్బు కట్టేచోట ఒక అట్టపెట్టె ఉంది. మూడు వారాల ముందు హెలీన్ తుపాను ఆ రాష్ట్రపు పడమటి కొండ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఆ బాధితుల కోసం బ్యాటరీలు, సబ్బులు, పసిపిల్లల గుడ్డలు పోగుచేస్తున్నారు. దివిసీమ ఉప్పెన నాటి పెట్టెలు గుర్తొచ్చాయి. చేతనైనది వేశాను.

సాయంత్రం అల్లుడు వచ్చి తీసుకెళ్లాడు. ఆ రోజే రాష్ట్ర ప్రదర్శన మొదలు. ఏటా అక్టోబరులో పది పదకొండు రోజులు జరిగే పెద్ద సంత అది. మైదానం అదే దారిలో ఉంది. రంగుల రాట్నం దీపాలు కనబడుతున్నాయి, కారు మాత్రం కదలదు. "మామయ్య గారూ, వేరే దారిలో వెళ్లవలసింది" అని అతను నొచ్చుకున్నాడు. నాకేమీ కష్టం అనిపించలేదు. సిగ్నల్ పచ్చగా ఉన్న ప్రతిసారీ ఎన్ని కార్లు దాటుతున్నాయో లెక్కపెట్టాను. తొమ్మిది, పదకొండు, తొమ్మిది, నాలుగు. నాలుగు ఎందుకంటే ముందున్న బండి ఎడమకు తిరగాలని ఆగింది.

అక్టోబరు 18, శుక్రవారం: పేరు లేని కాగితం

ఖమ్మం అబ్బాయి నాకంటే ముందే వచ్చి పెన్సిళ్లు చెక్కి పెట్టాడు.

ఈ రోజు సదస్సుల కాగితాలు. 1967 నవంబరులో న్యూయార్కులో జీపీఎస్ఎస్ వాడేవాళ్లు ఒక సదస్సు పెట్టుకున్నారు. దాదాపు 400 మంది వచ్చారు. వింటర్ సిమ్యులేషన్ కాన్ఫరెన్స్ అనే పేరుతో ఈనాటికీ జరుగుతున్న సభకు అదే తొలి అడుగు. అందులో ముందు నిలిచినవారిలో జూలియన్ రైట్మన్ ఒకరు. విమాన పరికరాలు చేసే నార్డెన్ సంస్థ మనిషి. 1990ల చివర్లో ఈ భండారాన్ని నిలబెట్టడానికి పూనుకున్నది కూడా ఆ తరం వాళ్లే. తమ తరం వెళ్లిపోకముందే కాగితాలు ఒకచోట చేరాలని ఆలోచించారు. సిరక్యూస్‌లో పాఠాలు చెప్పిన రాబర్ట్ సార్జెంట్ తన కాగితాలు ఇచ్చాడు. జీవితమంతా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: కంప్యూటర్‌లో మనం కట్టిన లోకం బయటి లోకానికి నిజంగా సరిపోలుతోందని ఎలా తెలుసు? ప్రోగ్రాము తప్పులేకుండా నడవడం ఒక సంగతి. అది సత్యం చెప్పడం మరో సంగతి. కుర్రవాడికి ఇది చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఒక పాత శిక్షణ ప్రతిని తిప్పుతుంటే, మధ్యలోంచి ఒక గీతల కాగితం బయటపడింది. ఈ నాలుగు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసింది దాన్నే. నాలుగు నిలువు వరుసలు: క్రమసంఖ్య, వచ్చిన సమయం, పని మొదలైన సమయం, ముగిసిన సమయం. పెన్సిలుతో రాసినవే. ముప్పై ఒకటో వరుస దగ్గర పెన్సిలు మొద్దుబారింది, ముప్పై రెండో వరుస మళ్లీ సన్నగా ఉంది. మార్జిన్‌లో లెక్కపెట్టిన గీతలు: నాలుగు నిలువుగా, ఐదోది అడ్డంగా. ఒకచోట అంకె కొట్టేసి పక్కన చిన్నగా సరిచేశారు. కింది మూల కాఫీ కప్పు అడుగు ముద్ర. తేదీ లేదు, ఊరు లేదు, పేరు లేదు. అది ఏ వరుసో కూడా తెలియదు. బ్యాంకు కావచ్చు, లారీలు కావచ్చు.

ఒక మనిషి ఎక్కడో నిలబడి, కాళ్లు లాగుతున్నా చూపు తిప్పకుండా ఇవి రాశాడు. యంత్రం చేసే లెక్కంతా ఈ నిలబడటం మీదే ఆధారపడుతుంది. నా కొలిమి దగ్గరి కాగితాలూ అచ్చం ఇలాగే ఉండేవి. కళ్లు చెమర్చాయి. తడి కాగితం మీద పడకూడదని బల్ల దగ్గర్నుంచి లేచాను. గ్రంథాలయ ఉద్యోగినికి అది ఎక్కడ దొరికిందో చూపించాను. ఆవిడ పుట సంఖ్య రాసుకుని, దాన్ని అదే పుటలో ఉంచింది. దొరికిన చోటు కూడా ఒక సమాచారమేనట.

బయటికి వచ్చాక అబ్బాయి నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. ఆ విశ్వవిద్యాలయానికి సొంత పాడి ఉంది. వాళ్ల ఆవుల పాలతో చేసిన ఐస్‌క్రీమ్‌కు హౌలింగ్ కౌ అని పేరు. వెనిలా చిక్కగా, కోవాకు దగ్గరగా ఉంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

రాత్రి పదేళ్ల మనవరాలు ఆ పెట్టెల్లో ఏముందని అడిగింది. చెప్పడం కంటే చేయించడం మేలనుకున్నాను. జీపీఎస్ఎస్ నేర్పేవాళ్లు తరతరాలుగా వాడే ఉదాహరణ ఒకటుంది: జో అనే ఒక్కడు నడిపే సెలూన్. 12 నుంచి 24 నిమిషాల మధ్య ఎంతసేపటికైనా ఒకరు వస్తారు, సగటు 18. ఒక క్షవరానికి 12 నుంచి 20 నిమిషాలు, సగటు 16. సగటున చూస్తే జో దగ్గర రెండు నిమిషాలు మిగలాలి. మరి వరుస ఎందుకు పెరుగుతుంది?

కాగితం ముక్కల మీద 12 నుంచి 24 దాకా పదమూడు చీటీలు, 12 నుంచి 20 దాకా తొమ్మిది చీటీలు రాయించాను. రెండు స్టీలు గిన్నెలు. చీటీ తీసి, అంకె రాసుకుని, మళ్లీ వేసి కలపాలి. రాకల గిన్నెలోంచి 14, 22, 12, 13, 19 వచ్చాయి. క్షవరం గిన్నెలోంచి 18, 15, 20, 17, 12. తనే గళ్లు గీసి లెక్క వేసింది. మొదటివాడు 14వ నిమిషానికి వచ్చాడు, 32కు లేచాడు. రెండోవాడు వచ్చింది 36కు. నాలుగు నిమిషాలు జో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండోవాడు 51కి లేచాడు. మూడోవాడు 48కే వచ్చాడు, మూడు నిమిషాలు ఆగాడు, 71కి లేచాడు. నాలుగోవాడు 61కి వచ్చి పది నిమిషాలు ఆగాడు. ఐదోవాడు 80కి వచ్చి ఎనిమిది నిమిషాలు.

కాసేపు గళ్లు చూసి, "తాతయ్యా, జో ఖాళీగా కూర్చున్న ఆ నాలుగు నిమిషాలూ దాచి నాలుగోవాడికి ఇవ్వకూడదా?" అంది.

నలభై ఏళ్లలో ఈ విద్య సారాన్ని నేను ఇంత తక్కువ మాటల్లో ఎవరికీ చెప్పలేకపోయాను. దాచలేం తల్లీ అన్నాను. ఖాళీగా పోయిన నిమిషం పోయినట్టే, ఆలస్యమైన నిమిషం మాత్రం వెనక ఉన్న అందరి నెత్తినా పడుతుంది. కొలిమి దగ్గర క్రేన్ కోసం లాడిల్ ఆగినప్పుడూ ఇదే, లోపల ఉక్కు చల్లారుతూ ఉంటుంది.

గిన్నె సరిగ్గా కలపకపోతే ఏమవుతుందని తరవాతి ప్రశ్న. అదీ చరిత్రలో జరిగింది. కంప్యూటర్ చీటీలు తీయదు, ఒక సూత్రంతో అంకెలు పుట్టిస్తుంది. 1960ల్లో లోకమంతా వాడిన రాండ్యూ అనే సూత్రం చూడటానికి బాగా కలిసినట్టే ఉండేది. కానీ దాని అంకెలను మూడేసి చొప్పున తీసుకుని ఒక ఘనంలో చుక్కలుగా పెడితే, చుక్కలన్నీ కేవలం 15 పలకల మీదే పడతాయి. మిగతా చోటంతా ఖాళీ. ఎన్నో లెక్కలు ఆ అంకెల మీద నిలబడ్డాయి. ఇది విన్నాక తను ప్రతి చీటీకీ ముందు గిన్నెను ఇరవై సార్లు ఊపింది. పదిన్నరకు మా అమ్మాయి వచ్చి దీపం ఆర్పేదాకా జో సెలూన్ మూయలేదు.

అక్టోబరు 19, శనివారం: సంత, గుడి

దస్త్రాల గదికి సెలవు. పొద్దున్నే రాలీలోని రైతు బజారుకు వెళ్లాం. అమెరికాలో చిలగడదుంపలు అన్నిటికంటే ఎక్కువ పండేది ఈ రాష్ట్రంలోనే. పొడవాటి కప్పు కింద బుట్టలు బుట్టలుగా, మట్టి వాసనతో. చిన్న బుట్ట 5 డాలర్లు. అమ్మే రైతు ఒక దుంప కోసి రంగు చూపించాడు, లోపల గుమ్మడి పండు రంగు. ఎలా వండుతారని మా ఆవిడను అడిగాడు. నిప్పుల్లో కాల్చుకుంటాం, బెల్లం పెట్టి ఉడికిస్తాం అని ఆవిడ చెబితే, వాళ్లమ్మా బొగ్గుల్లోనే కాల్చేదని నవ్వి రెండు దుంపలు ఎక్కువ వేశాడు.

అక్కడినుంచి కేరీలోని వేంకటేశ్వరస్వామి గుడికి. కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, గుడి ముందు బండ్లు నిలిపే చోట తెలుగు తప్ప వేరే మాట చెవిన పడలేదు. 87 అడుగుల తెల్లటి గోపురం 2022లో లేచింది. శనివారం కాబట్టి వరుస బాగానే ఉంది. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో గంటలు గడిపినవాళ్లకు ఇది వరుసే కాదు. అయినా మనవరాలు సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసింది. ఇంటి దగ్గరే గళ్లు గీసి తెచ్చుకుంది: వచ్చిన సమయం, హారతి దగ్గరికి చేరిన సమయం, తీర్థం తీసుకుని పక్కకు జరిగిన సమయం. మార్జిన్‌లో నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. నిన్న భోజనాల దగ్గర ఆ కాగితం గురించి చెబుతుంటే విన్నట్టుంది.

కొంచెం సేపటికి పెన్సిలు ఆగింది. ముందు ఒక కుటుంబం: తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. నలుగురూ ఒక్కసారే వచ్చారు. శఠారి నలుగురికీ పెట్టారు, అర్చన ఒక్క గోత్రం మీదే జరిగింది.

"తాతయ్యా, వీళ్లను ఒకటి అని రాయాలా, నాలుగు అని రాయాలా?"

వరుస పొడవు కావాలంటే నాలుగు, అర్చకుల సమయం కావాలంటే ఒకటి అని చెప్పబోతున్నాను. అంతలో మా వంతు వచ్చింది. తను కాగితాన్ని అరచేతిలో మడిచి పట్టుకునే దండం పెట్టుకుంది.

కింద క్యాంటీన్‌లో పులిహోర తింటూ మిగిలిన గళ్లు నింపింది. కాగితం అడుగున తేదీ, ఊరు, గుడి పేరు వేయించాను. నీ పేరు కూడా రాయమన్నాను. తెలుగులో రాసింది.